దీర్ఘం లేని ర

ఒక అక్షరం బరువు ఎంతుంటుంది? ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, నన్నడగండి. నేను కోతలరాయుణ్ణని నా వాళ్ళందరికీ ఎరుకే. ఈ ఒక్కటీ నిజమంటే వాళ్ళు నమ్మరు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్నప్పుడు నేను సల్వాలో ఒక ఇంటి డ్రైవర్ని. యజమానులు సౌదీకి పారిపోయారు. నేనూ, రాయచోటి నుంచి వచ్చిన వంటమనిషి సుబ్బమ్మక్కా మిగిలాం. పక్కింటి అమెరికా ముసలాయన మా మెట్ల కింది సామాన్ల గదిలో దాక్కున్నాడు. తెల్లవాళ్ళు కనబడితే సైనికులు పట్టుకుపోతున్నారు. అక్క రొట్టెలు చేసి పెట్టేది. ఆయన మాటలు నేను అక్కకు తెలుగులో చెప్పేవాణ్ణి.

ఆయన చెప్పేదంతా తన ఊరి చరిత్రే. ఇంగ్లండు రాజు అమెరికాను ఏలిన నాటి ఊరు. ఏటి ఒడ్డున కాసిని కొయ్య ఇళ్ళు, చుట్టూ దుంగల కంచె, ఒక గంట. ఒక చలికాలం మశూచి వచ్చిందట. జబ్బున్న ఇంటికి ఎర్రగుడ్డ కట్టేవారట. ఆయన చెప్పింది అంతే. మశూచిని మనం అమ్మవారంటాం కదా; ఆ మాటతోనే, నా తెలుగులో, ఆ ఊళ్ళోకి ఒక ఆడది అడుగుపెట్టింది. మునిమాపున, మంచులో జాడ పడకుండా వచ్చి, పేరు పెట్టి పిలిచి తలుపు తట్టేదన్నాను. తలుపు మీద ‘రేపు రా’ అని రాస్తే చదువుకుని వెనుదిరిగేదన్నాను. మన పల్లెల్లో దెయ్యానికి భయపడి రాసుకునే మాటనే సముద్రం దాటించాను.

మర్నాడు వీధి తలుపు మీద సుద్దతో ‘రేపు ర’ అని ఉంది. అక్కకొచ్చిన చదువు అంతే. ఎందుకు తుడిచెయ్యలేదు నేను? నా కథ తలుపెక్కిందన్న మురిపెమా?

మధ్యాహ్నం ఒక సైనికుడు వచ్చాడు. ఒక్కడే. రాత మీద వేలు పెట్టి, ఇదేమిటని అరబ్బీలో అడిగాడు. ప్రార్థన అనొచ్చు. ఇంటిపేరు అనొచ్చు. నా నాలుక ఊరుకోదే.

“బుక్రా. రేపు రమ్మని,” అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. “సరే, బుక్రా,” అని లోపలికి తొంగి చూడకుండా వెళ్ళిపోయాడు.

“పనిచేసిందబ్బీ,” అంది అక్క.

మర్నాడు అదే వేళకు తలుపు చప్పుడైంది. అతనే, వెంట మరికొందరు. ఇల్లు వెతకలేదు. తిన్నగా మెట్ల కిందికి నడిచారు. ఆ గది సంగతి ఎవరు చెప్పారు? ఇప్పటికీ తెలియదు. ముసలాయన పోతూ పోతూ ఆ రాత వంక చూశాడు, చదవగలిగినవాడిలా. ఆ తర్వాత ఏమయ్యాడో వాకబు చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

“యాడ తప్పిందబ్బీ? ఆ ఊర్లో ఆయమ్మ పోయింది గదా?”

“దీర్ఘం పెట్టలేదక్కా.”

అదీ నేను చేసిన పాపం. అక్క నమ్మింది. ఇప్పుడు కువైట్‌లోనే, అబూ హలీఫాలో పనిచేస్తోంది. ఎప్పుడు వెళ్ళినా పిండి కలుపుతూ ఆ పిండి మీదే వేలితో ‘రా’ అని దిద్దుతుంది, ఆ దీర్ఘాన్ని పళ్ళెం అంచుదాకా లాగుతుంది. నేను టీ తాగి వచ్చేస్తాను.

ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. అక్కా, ఆ ఊరి తలుపుల మీద ఏ రాతా లేదు. ఆ ఆడదీ లేదు. రేపు రమ్మన్నది నేను.