గ్రేసమ్మ టీచరు గడప ముందు గీతలు

ఈ ఉదయం కుప్పంలో, నా కుట్టు దుకాణంలో, కొత్త సుద్దల డబ్బా మూత తీశాను. గుడ్డ మీద గీతలు గీసుకునే పలచటి బిళ్లలు అవి. మూత తీయగానే ఆ పొడి వాసన ముక్కుకు తగిలింది, వేలికి తెల్లగా అంటుకుంది. అంతే, కత్తెర పక్కన పెట్టి కూర్చుండిపోయాను. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ, "ఏందక్కా, కండ్లల్లో సుద్ద పడిందా?" అంది. పడిందనే చెప్పాను. లేకపోతే పుంగనూరు దాకా పోయి గ్రేసమ్మ టీచరు దగ్గర కథ మొదలుపెట్టాలి. మొదలుపెడితే నేను ఆపను. నా నోటి సంగతి నాకు తెలుసు.

గ్రేసమ్మ టీచరు మదనపల్లెలో ఒక మిషన్ బడిలో ఏళ్ల తరబడి కుట్టుపని నేర్పి, రిటైరై, పుంగనూరులో చిన్న పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ముందు గదిలో నాలుగు మిషన్లు వేసి ఆడవాళ్లకు కుట్టు నేర్పేది. తొంభైల నడుమ నేను అక్కడ చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. మా ఆయన బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరాను. మొదటి రోజు ఆమె ముఖం చూసి హడలిపోయాను. నవ్వు లేదు, కోపమూ లేదు, రాతిలా ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమే నన్ను పిలిచింది.

"లల్తా, నా మొకం సూసి బయపడొద్దు. నేను నవ్వతానే ఉండాను. ఆ సంగతి నా మొకానికే ఇంకా తెలీలే."

పార్కిన్సన్స్ అని మదనపల్లెలో డాక్టరు చెప్పాడట. పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, మాత్రలతో నెట్టుకు రావలసిన జబ్బు. వీధిలో అందరూ వణుకు జబ్బు అనేవాళ్లు. వణుకు ఒక్కటే అయితే ఎంత బాగుండేది! ఒళ్లు బిగుసుకుపోయేది. గొంతు సన్నబడింది. ఒకప్పుడు బోర్డు మీద గుండ్రంగా రాసిన చేతిరాత పోనుపోను చీమల బారులా తయారైంది. మాత్ర వేసుకున్న కొంతసేపటికి కాస్త తేలిక, ఆ తర్వాత మళ్లీ బిగువు. తిండికి ముందే మాత్ర పడాలి, వేళ తప్పకూడదు. అందుకే మా తరగతికి గడియారం ఆమె మాత్రే. మాత్ర బాగా పనిచేసే ఆ గంటలోనే ఆమె కత్తెర పట్టుకునేది, మేమంతా మిషన్లు ఆపి చుట్టూ చేరేవాళ్లం. వణికే చెయ్యి గుడ్డ మీద ఆనగానే కుదుటపడి, చంక మలుపు దగ్గర కత్తెర ఎక్కడా తడబడకుండా తిరిగేది. అది చూసే భాగ్యం నాకు దక్కింది. ఈనాటికీ నా చంక మలుపు ఆమె నేర్పినదే.

నాకేమో తొందర. పుట్టుకతోనే తొందర. "ఆలస్యం అమృతం విషం" అని మా నాన్న రోజుకు పదిసార్లు అనేవాడు, అది నా ఎముకల్లో దిగిపోయింది. ఆమె చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి పావుగంట పడితే నేను మూడు నిమిషాల్లో పెట్టేసేదాన్ని. సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతుంటే లాక్కుని ఎక్కించేసేదాన్ని. మంచి పని చేస్తున్నానని మహా గర్వం. ఒకరోజు ఆమె సూదిని నా చేతిలోంచి వెనక్కి తీసుకుంది.

"నా పనంతా నువ్వే సేస్తే నా చేతులు ఏం సేయల్ల? సెలవు మీద పోవల్లనా?"

"ఆలీసమైతాది గదా టీచర్!"

"అయితే కానీ. మీ నాయన మాట మీ ఇంట్లో పెట్టుకో. ఈడ నిదానమే ప్రధానం."

విన్నాను, తల ఊపాను, చెవిన పెట్టలేదు. దానికి శిక్ష ఆమె అనుభవించింది.

మదనపల్లెకు డాక్టరు దగ్గరికి పోవలసిన ఉదయం అది. తుంపర పడుతోంది. బస్సు కదిలే వేళయింది. సంచి నా భుజాన ఉంది. టీచరు వీధి గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆమెకు అప్పుడప్పుడు అలా అయ్యేది. గడప దగ్గర, ఇరుకు దారిలో, పాదాలు నేలకు అతుక్కుపోయేవి. "రవ్వంతసేపు ఉండు లల్తా, అవే లేస్తాయి" అంది. నేను ఉండలేదు. "బస్సు పోతాది టీచర్, రాండి!" అని చెయ్యి పట్టి లాగాను. మనిషి బయటికి వచ్చేసింది, పాదాలు గడప లోపలే ఉండిపోయాయి. బండ మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

కుప్పం నుంచి ఆమె తమ్ముడు జయరాజు పరుగెత్తుకొచ్చాడు. చెడ్డవాడు కాదు, అక్క అంటే ప్రాణం. పుత్తూరు తీసుకుపోయి ఎముకల కట్టు కట్టించుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, "ఇంగ చాలక్కా. ఈ మిషన్లు ఎవరికన్నా ఇచ్చేసి కుప్పానికి వచ్చేయ్. నా ఇంట్లో కాలు కింద పెట్టే పనిలేకుండా సూసుకుంటా" అన్నాడు. ఆమె దిండు మీద తల తిప్పి, "కాలు కింద పెట్టకపోతే నాకు కాలు యాలరా?" అంది. ఎలా పడ్డావు అని అతను అడిగితే, "నేనే జారిపడ్నా" అని చెప్పింది. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు. ఊరంతా వినబడే నా నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జయరాజు రెండు నెలలు గడువిచ్చాడు. ఈలోగా మళ్లీ పడినా, ఒంటరిగా గడప దాటలేకపోయినా, ఇల్లు తాళమేసి కుప్పం తీసుకుపోతానన్నాడు. ఆమెకు ఆ ఇల్లంటే నాలుగు గోడలు కాదు. ఆ కత్తెర పట్టే గంట, మా గోల, వీధిలో పిలిచి పలకరించే జనం, అన్నీ అదే. కుప్పంలో ఆమెకు అన్నీ జరుగుతాయి, ఆమె చేసేది మాత్రం ఏమీ ఉండదు. కట్టు విప్పాక రోజూ చేతికర్ర పట్టుకుని గడప దాకా వచ్చేది, ఆగిపోయేది, వెనక్కి పోయి కూర్చునేది. నేను దూరంగా నిలబడి నా చేతులు నేనే పట్టుకునేదాన్ని.

ఒకరోజు నమూనాలు గీసే కాగితాలు అయిపోయాయి. లంగాకు అతికే కలీ ముక్కల కొలతలు అందరికీ ఒకేసారి చూపించాలని నేను నేల మీదే సుద్దతో గీశాను, గదికి అడ్డంగా, ఒకదాని ముందర ఒకటి, పొడుగాటి గీతలు. టీచరు వంటింట్లోంచి చూడ్డానికి వచ్చింది. మొదటి గీత దాటింది. రెండోది దాటింది. మూడు, నాలుగు, ఐదు... ఆగకుండా నడుచుకుంటూ వచ్చి వీధి గడపకు జానెడు దూరంలో నిలబడింది. గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి.

"లల్తా," అంది సన్నటి గొంతుతో, "నేను యాడికొచ్చినాను?"

చెరిపి చూశాం, పాదాలు అతుక్కున్నాయి. మళ్లీ గీశాం, లేచాయి. ఉత్త నేల చూస్తే కదలని కాలు, దాటడానికి ఒక గీత కనబడితే లేస్తోంది! ఈ కిటుకు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసని తర్వాత విన్నాను. ఆ రోజు మాకు మాత్రం మేమే కనిపెట్టినంత సంబరం. టీచరు మెడలోని టేపు తీసి నాకిచ్చింది. "అడ్డదిడ్డంగా గీయొద్దు. కొలిచి గీయి. పద్నాలుగు అంగుళాలు. పదహైదైతే నా అడుగు చాలదు, పదమూడైతే నేను అంత ముసలిదాన్ని కాను." మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి వీధి గడపకు కొలిచి గీశాను. గడప బయట బండ దాటితే మట్టి నేల. అక్కడ సుద్ద అంటదు. మా ఇంటికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, రోడ్డు దాకా గీతలు లాగాను. ఆమె గడప దాటింది. ఒక్కతే, నడుముకు అటూ ఇటూ ఎవరి చెయ్యీ లేకుండా. నేను ముగ్గుపిండి చేతులతోనే ఏడ్చాను, ముఖమంతా తెల్లగా అయింది.

అయితే మేమెవ్వరం ఆలోచించని సంగతి ఒకటుంది. క్రైస్తవుల ఇంటి ముందు, తెల్లవారేసరికి, ముగ్గుపిండి గీతలు! ఎదురింటి మునెమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. "ఏమ్మే, టీచరమ్మ మన దేవుళ్లలోకి వచ్చేసిందా?" అని నన్నే అడిగింది. ముగ్గు వేసినా చుక్కలు పెట్టడం రాలేదని పైగా ఒక విమర్శ. రోజూ నీళ్లు చల్లి నేను మళ్లీ గీస్తుంటే మాట వీధి దాటి, బజారు దాటి, చర్చి దాకా పోయింది. శనివారం సాయంత్రం సంఘపెద్ద యేసుపాదం గారు గొడుగు చంకన పెట్టుకుని వచ్చారు. రోడ్డు మీదే నిలబడి గీతల వంక చూశారు, తొక్కకుండా.

"ఏమమ్మా గ్రేసమ్మా, ఏందిది? సంఘంలో అడగతాండారు."

టీచరు లోపలి నుంచి బయలుదేరింది. గీత గీత దాటుకుంటూ, గడప దాటి, ఆయన ముందుకు వచ్చి నిలబడింది. పడినప్పటి నుంచి ఆమె చర్చికి రాలేదని, ఇక రాలేకపోవచ్చని ఆయనకు తెలుసు.

"ముగ్గు కాదయ్యా. నా కాళ్లు దోవ మర్సిపోతాండాయి. ఈ పాప గుర్తు సేస్తాండాది. రేపు ఆరాధనకు వస్తా, ఆడ వాకిట్లో కూడా నాలుగు గీతలు గీయనిస్తారా?"

యేసుపాదం గారు ఇంకోసారి గీతల వంక చూశారు. తర్వాత, "కోపంగా ఉండావామ్మా నా మీద?" అన్నారు ఆమె ముఖం చూసి. "నవ్వతాండానయ్యా, నమ్మండి" అంది. ఆయన గొడుగు కింద పెట్టి పగలబడి నవ్వారు. మరునాడు ఆదివారం చర్చి వాకిట్లో నేనే గీశాను, బొట్టు పెట్టుకునే.

గడువు రోజున జయరాజు వచ్చాడు. ఆటో దిగేసరికి అక్క రోడ్డు దాకా నడిచి వచ్చి నిలబడి ఉంది. అతను ఆమెను చూశాడు, గీతలు చూశాడు, అక్కడే రోడ్డు పక్కన కూలబడి కండ్లు తుడుచుకున్నాడు. అప్పుడిక నేను ఆగలేకపోయాను. "అన్నా, ఆ పొద్దు టీచరు జారిపడలే. నేనే లాగినాను" అన్నాను. అతని ముఖం మారిపోయింది. ఏమనేవాడో గానీ, టీచరు నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది ఆమె ఎడమ చెయ్యి, విరిగిన మణికట్టు ఇంకా కాస్త వంకరగా ఉంది.

"లాగింది ఈ చెయ్యే, గీసింది ఈ చెయ్యే. ఇంగ దీన్ని యాల తిడతావు? పోయి కాఫీ తాగు."

ఆమె ఆ ఇంట్లో ఇంకో పదేళ్లకు పైగా ఉంది. జయరాజు నెలకోసారి వచ్చి చూసి పోయేవాడు. జబ్బు మాత్రం దాని పని అది చేసుకుంటూ పోయింది, దాని గురించి అబద్ధం చెప్పను. పద్నాలుగు అంగుళాలు పన్నెండయ్యాయి, తర్వాత పది. తగ్గించవలసి వచ్చిన ప్రతిసారీ టేపు ఆమే పట్టుకునేది, జాకెట్టు కొలత చెప్పినట్టే చెప్పేది. కత్తెర పట్టలేని రోజు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని మాటతో కత్తిరించింది, నా చేత. "ఆగు. ఊపిరి తీసుకో. ఇప్పుడు తిప్పు." నాకు విద్య నిజంగా అబ్బింది ఆ ఏళ్లలోనే. ఆ సన్నటి గొంతు వినాలంటే నేను నోరు మూసుకోవాలి కదా! చివరి కొలత ఎనిమిది అంగుళాలు.

ఒక వేసవి మధ్యాహ్నం, నిద్రలోనే పోయింది. మరునాడు పొద్దున్నే నా చేతులు నా మాట వినలేదు. నీళ్లు చల్లి, ముగ్గుపిండి డబ్బా తీసుకుని, టేపు పరిచి, గడప నుంచి రోడ్డు దాకా గీయడం మొదలుపెట్టాను. మునెమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సావింటి ముందర ముగ్గేందమ్మే? తప్పు గదా! ఇంగ ఆ యమ్మకు గీతలు యాల?" ఆమె అన్నదాంట్లో తప్పులేదు. మా ఇళ్లల్లో చావు జరిగితే వాకిట్లో ముగ్గు పడదు. అయినా డబ్బా వదల్లేదు.

గుమ్మం పక్కన నిలబడి ఉన్న యేసుపాదం గారు అన్నారు, "గీయనీ మునెమ్మా. అది ముగ్గు గాదు."

మునెమ్మ నా చెయ్యి వదిలింది. చివరి గీత దాకా గీశాను. పెట్టె ఎత్తినప్పుడు మోసేవాళ్లు గడప దగ్గర తొందరపడబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "గీతలు సూసుకోని మెల్లిగా నడవండప్పా. ఆ యమ్మ అట్లే నడిసేది" అన్నారు. జయరాజు ముందు వైపు మోస్తున్నాడు. నలుగురూ ఎనిమిదేసి అంగుళాల అడుగులు వేసుకుంటూ ఆమెను రోడ్డు దాకా తీసుకుపోయారు.

ఆ తర్వాత మా ఆయనకు కుప్పం డిపోకు బదిలీ అయింది, నేనూ ఇటు వచ్చేశాను. టీచరు టేపు జయరాజు నాకే ఇచ్చాడు. అంకెలు సగం అరిగిపోయాయి, ఎనిమిది దగ్గర మాత్రం ఆమె పెట్టుకున్న ఇంకు గుర్తు ఉంది. నా తొందర పూర్తిగా పోలేదు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదా. కానీ బస్సు మెట్టు దగ్గరో, ఎవరింటి గడప దగ్గరో ఒక మనిషి ఆగిపోతే, వెనక జనం కేకలేస్తుంటే, నా చెయ్యి ఇప్పుడు లాగడానికి ముందుకు పోదు. ఆ మనిషి పక్కన నిలబడతాను. "రవ్వంతసేపు ఉండండి, అవే లేస్తాయి" అంటాను. లేస్తాయి.