విలీనం చెల్లదన్న పిటిషన్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను హైదరాబాద్ పడమటి అంచున ఉన్న ఒక డివిజన్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారిగా, అంటే ఆర్డీవోగా వేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. హైటెక్ సిటీ అద్దాల మేడలు నీడ పరిచే ఆ ప్రాంతంలో తగాదా లేని గజం భూమి ఉండదని మా శాఖలో ఒక మాట. ఆర్డీవో సగం అధికారి, సగం న్యాయమూర్తి. వారంలో ఒకరోజు కోర్టు నడపాలి, కౌలు కేసులు వినాలి.

చేరిన నెలలోనే గోపన్‌పల్లి దాటాక ఉన్న ఒక ఊరి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పూర్వం అది జాగీరు గ్రామం. అక్కడి శిస్తు ప్రభుత్వానికి కాక జాగీర్దారుకు చెల్లేది. ఆ జాగీర్దారు మనవలు పిటిషన్ వేశారు. నలభై ఎనిమిదిలో సైన్యాన్ని పంపి హైదరాబాద్ రాజ్యాన్ని కలుపుకోవడం చట్టసమ్మతం కాదన్నది వారి వాదన. కాబట్టి సైనిక గవర్నరు చేసిన జాగీర్ల రద్దు చెల్లదు. ఆ తర్వాత వచ్చిన కౌలు చట్టం చెల్లదు. ఆ చట్టం కింద పెంటయ్య అనే కౌలుదారుకు ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రమూ చెల్లదు. దాన్ని రద్దు చేసి భూమి ఖాళీ చేయించమన్నారు.

ఎదుటి పక్షం పెంటయ్య మనవరాలు ఎల్లమ్మ. గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేసేది. తాత భూమిలో రోడ్డుకు పోగా, కష్టాలకు అమ్ముకోగా మిగిలిన జాగాలో ఆమెది, ఆమె తమ్ముళ్లవి నాలుగు ఇళ్లు ఉన్నాయి. ధ్రువపత్రం పోతే నాలుగు కుటుంబాలూ రోడ్డున పడాల్సిందే.

నిజం చెప్పాలంటే ఆ ఫైలు చూసి నేను సంబరపడ్డాను. ముప్పై ఏళ్లు సరిహద్దు రాళ్లు, పట్టా మార్పులు చూసినవాడికి రాజ్యాల తగువు దొరికింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు పుస్తకాలు తెప్పించి కూర్చున్నాను. భారత ప్రభుత్వంతో నిజాం చేసుకున్న యథాతథ ఒప్పందం, ఐక్యరాజ్యసమితికి వెళ్లిన ఫిర్యాదు, అన్నీ చదివాను. మా చుట్టాల్లోనే ఆ సంఘటనను విమోచన అనేవారున్నారు, విలీనం అనేవారున్నారు. పిటిషనర్లు ఆక్రమణ అన్నారు. ఏ మాట వాడాలో తేల్చుకోవడానికే మూడు పేజీలు ఖర్చయ్యాయి. ఉత్తర్వు ముసాయిదా ఇరవై పేజీలు దాటినా తీర్పు ఎటు వెళ్తుందో నాకే తెలియలేదు. నిద్ర సరిగా పట్టేది కాదు.

మూడో వాయిదా రోజున పిటిషనర్ల వకీలు రెండు గంటలు వాదించారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, మర్యాదస్తుడు. "ఆ రోజు తర్వాతి కాగితం ఒక్కటి కూడా చెల్లదండి. మా వాదనంతా అంతే" అని ముగించారు. ఎల్లమ్మ వైపు తిరిగి ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాను.

"వాయిదా పడ్డప్పుడల్ల నా డ్యూటీ పోతుంది సారు" అన్నది. "రాజు ఎవలైతే మాకేంది? గా రాజు ఉన్నప్పుడు సుత మా తాతనే దున్నిండు. గది ఏడనన్న రాసుంటది గదా, జర సూడుండ్రి."

వెనక ఒకరిద్దరు నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది.

తెలంగాణ రెవెన్యూలో మాకొక అలవాటు ఉంది. ఏ భూమి చరిత్ర చూడాలన్నా యాభై నాలుగు-యాభై అయిదు ఖాస్రా పహాణీతో మొదలుపెడతాం. ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, సాగుదారు ఎవరు అని రాసిన రికార్డు అది. కౌలు కేసైతే దానికి కొంచెం ముందటి రక్షిత కౌలుదారుల జాబితా చూస్తాం. ఇంకా వెనక్కి వెళ్లం, ఎందుకంటే అంతకు ముందటి దస్త్రాలు ఉర్దూలో ఉంటాయి. మాకు చదవడం రాదు కాబట్టి అవి లేనట్టే లెక్క. వకీలు చెల్లవన్నవన్నీ నలభై ఎనిమిది తర్వాతి కాగితాలు. నేను చూసినవీ అవే. అంతకు ముందు ఏముందో నేను అడగనేలేదు.

మర్నాడే ఆ ఊరి పాత దస్త్రాలు కావాలని రికార్డు గదికి ఇండెంట్ పంపాను. అక్కడ ఉర్దూ చదవగలిగింది మొయిన్ సాబ్ ఒక్కరే. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద కొనసాగుతున్నారు. జాగీర్లు రద్దయినప్పుడు వాటి కచేరీల, అంటే ఆఫీసుల, దస్త్రాలు ప్రభుత్వానికి అప్పగించారని, గుడ్డ మూటల్లో ఉన్నాయని చెప్పారు. "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్, చెదలు తినకుంటే దొరుకుతది" అన్నారు. ఆ చెదల మాట నన్ను తొమ్మిది రోజులు పీడించింది.

పదో రోజు ఆయన ఒక శిక్మీ రిజిస్టరు తెచ్చారు. శిక్మీదారు అంటే భూమి మరొకరి పేరున ఉండగా సాగు చేసే కౌలుదారు. వేలు పెట్టి మెల్లగా చదివారు. పెంటయ్య, అతని తండ్రి పేరు, సర్వే నంబరు, పదిహేనేళ్లుగా సాగు. పేజీ కింద జాగీరు కచేరీ ముద్ర, అంటే పిటిషనర్ల తాతగారిదే. సైన్యం రావడానికి రెండేళ్ల ముందటి రిజిస్టరు. అప్పటికే, ఏళ్ల తరబడి వరుసగా సాగు చేస్తున్న శిక్మీదారును ఇష్టం వచ్చినట్టు తొలగించకూడదని నిజాం సర్కారే చట్టం చేసి ఉంది. పిటిషనర్లు కోరినట్టు తర్వాతి చట్టాలన్నీ పక్కన పెట్టినా పెంటయ్యను కదిలించే వీలు లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మొయిన్ సాబ్‌కు చాయ్ తెప్పించి, ఆ పేజీ మళ్లీ చదివించుకున్నాను.

తర్వాతి వాయిదాలో రిజిస్టరును, దాని అనువాదాన్ని వకీలు ముందు పెట్టాను. ఆయన ముద్రను చాలాసేపు చూశారు. తన క్లయింట్ల తాతగారి ముద్ర చెల్లదని ఆయన అనలేరు. రెండు వారాల గడువు అడిగి, ఆ గడువులోనే పిటిషన్ ఉపసంహరించుకుంటున్నట్టు మెమో ఇచ్చారు. నా ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. "విలీనం చట్టబద్ధమా కాదా అన్నది ఈ కేసులో తేల్చనవసరం లేదు" అని రాసి సంతకం చేసినప్పుడు నెత్తిన మోస్తున్న బండ దించినట్టయింది.

ఎల్లమ్మను పిలిపించి చదివి వినిపించాను. ఇగ వాయిదాలు లేవా అని అడిగింది. లేవన్నాను.

"మరి మొదాల్నే సూస్తే అయిపోతుండె గదా సారు."

అవునన్నాను.

మిగిలిన రెండేళ్లలో ఏ కౌలు కేసు వచ్చినా మొదటి వాయిదాకు ముందే పాత ఉర్దూ రిజిస్టరు తెప్పించాను. రాజ్యం చేతులు మారిన తీరు సరైనదా కాదా అని చెప్పే అధికారం ఆర్డీవోకు లేదు. ఆ భూమిని ఎవరు దున్నారో చూడటమే అతని పని. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. ఆ ఆలస్యానికి ఎల్లమ్మ నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది.