అమ్మవారు పోసిన కుంట

మొన్న ఎమ్మిగనూరుకు వచ్చిన మా మనవరాలు, చేపల చదువు చదువుతున్న పిల్ల, రోగానికి తట్టుకుని బతికిన చేపల్నే ఏరి వాటితో గుడ్లు పెట్టిస్తే ఆ సత్తువ సంతానానికీ దిగుతుందని చెబుతుంటే, మా అత్త గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

అప్పట్లో ఊరి బయట మేము కౌలుకు తీసుకున్న కుంట ఒకటుండేది, నిండా కొరమీనులు. ఆ చేపలు పోతే, అప్పటికే ఆయాసం పట్టుకున్న మా ఆయన మళ్ళీ ఆదోని పత్తి మిల్లులో దుమ్ము మింగాల్సిందే. అలాంటిది ఓ చలికాలం పొద్దున చూస్తే చేపల ఒళ్ళంతా ఎర్రటి పుళ్ళు, కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి. బతికున్నవాటినైనా పట్టి అమ్ముదామని మా ఆయన వల తీసుకుని నీళ్ళలో దిగాడో లేదో, అత్త గట్టు మీంచి కేకేసింది.

"అమ్మోరు పోసినింట్లో వల ఏస్తాండావేమిరా? గట్టెక్కు ముందు!"

పుళ్ళు కనబడితే ఆమెకు తెలిసిన పేరు అదొక్కటే. అమ్మవారు పోసిన ఇంటి మడి ఎలాంటిదో మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు కదా, గట్టున వేపమండలు కట్టించి, బయటివాళ్ళను రానివ్వక, మా ఇంట్లో తాలింపు సైతం మాన్పించింది. చప్పిడి పప్పు తింటూ, రోజూ తేలిన చేపల్ని ఏరి పూడుస్తూ, ఈ ముసలిది మమ్మల్ని నిలువునా ముంచిందని నేను తిట్టుకోని పూట లేదు. మా ఆయన మిల్లు మేస్త్రీకి కబురు కూడా పెట్టాడు.

ఎండలు ముదిరాక చావులు ఆగాయి. మిగిలినవి కొన్నే, అన్నీ మచ్చలవే. వాటినైనా పడదామంటే, అమ్మ వదిలిన బిడ్డల మీద కత్తి పెట్టకూడదని అత్త మళ్ళీ అడ్డం పడింది. ఆ ఏడు నేను మిరప కోతలకు పోయి ఇల్లు గడిపాను. వానలకు ఆ మచ్చల తల్లులే పిల్లలు పెట్టాయి.

తర్వాతి చలికాలాల్లో చుట్టుపక్కల కుంటల్లో పుళ్ళు లేచినా, మా నీళ్ళలో ఒకటీ అరా తప్ప చేప తేలలేదు. మా ఆయన మిల్లు గడప మళ్ళీ తొక్కలేదు. అదంతా వేపమండల మహిమేనని అత్త పోయేదాకా నమ్మింది.

ఇదంతా విని మనవరాలు, ఆ జాతి ఇంకా ఉందా అవ్వా, ఒక్క జత దొరికినా చాలని ఎగిరి కూర్చుంది. ఏం చెప్పను? కాలువకు నీళ్ళు రాని ఒక కరువు ఏట కుంట అడుగంటితే, బురదలో కొట్టుకుంటున్నవాటిని ఊరంతా పంచుకుని వండుకున్నాం. ఇప్పుడు చేపపిల్లలు ఎక్కడినుంచో ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి, వెంటే మందు డబ్బాలూ వస్తాయి. అమ్మవారికి లొంగని చేపలు నీళ్ళు లేక పోయాయి. మా అత్త ఉండుంటే ఆరోజూ గట్టున నిలబడేది. ఎవరి మీద కేకేసేదో మాత్రం నాకు తెలియదు.