రాజీ విందులో పట్టేసిన పిక్క

నా పెళ్లయిన కొత్తలో సంగతి ఇది. జమ్మలమడుగు దగ్గర మా అత్తగారి ఊళ్లో రెండు పార్టీలు, రెండు వర్గాలు. ఒక వర్గానికి మా మామయ్యే పెద్ద. ఎన్నాళ్లకో రాజీ కుదిరి, ఎదుటి వర్గం పెద్దాయన తన మనుషులతో మా ఇంటికి భోజనానికొచ్చారు. ఎవరూ ఆయుధాలు తేకూడదని ముందే మాటనుకున్నారు.

నేను సంగటి, నాటుకోడి పులుసు వడ్డిస్తున్నాను. ఉన్నట్టుండి మామయ్య "సచ్చినాన్రో!" అని కేకేసి వెనక్కి పడిపోయారు. అంతే! పంచెల చాటునుంచి ఇటువాళ్ల కొడవళ్లూ, అటువాళ్ల కొడవళ్లూ బయటికొచ్చాయి. నా చేతిలో ఉన్నది గరిటె. దాన్నే పైకెత్తాను.

"ఆగండ్రా! నన్నెవురూ ఏం చేయలేదు. పిక్క పట్టేసింది!" అని మామయ్య కాలు పట్టుకుని అరిచారు. ఎదుటి పెద్దాయనే లేచొచ్చి ఆ కాలు సాగదీశారు.

ప్రొద్దుటూరు డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఒంట్లో మెగ్నీషియం బాగా తగ్గిందన్నారు. ఛాతీమంటకని ఏళ్ల తరబడి రోజూ మింగుతున్న గ్యాస్ మాత్ర వల్ల కొందరికి అలా అవుతుందట.

"ఇన్నేళ్లు ఎవరు మింగమన్నారు మిమ్మల్ని?" అని డాక్టరు అడిగారు.

"షాపులో ఇస్తాండ్రి, నేను మింగుతాంటి సార్" అని, కొడవళ్లకు బెదరని మామయ్య తలొంచుకున్నారు.

మర్నాడు ఈ సంగతి తెలిసి ఎదుటి పెద్దాయన ఒంటరిగా మా గుమ్మంలోకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "ఆ డాక్టరు యాడుంటాడప్పా? నేనూ రోజూ అదే మింగుతాండా."

ఇద్దరూ ఒకే జీపులో ప్రొద్దుటూరు వెళ్తుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా డాక్టరునడక్కుండా గ్యాస్ మాత్ర చేతిలోకి తీసుకుంటే, నేను గరిటె అందుకుంటాను.