పావుతక్కువ ఆరు, స్పానిష్‌లో

నలభై దాటాక నేను స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఉయ్యూరు అవతల మాకు రొయ్యల చెరువులున్నాయి. మా సరుకు కొనేవాళ్ళలో స్పెయిన్ వాళ్ళు కూడా ఉన్నారని విన్నప్పుడు, వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాలని సరదా పుట్టింది. సాయంత్రాలు బెజవాడలో మా వంటింటి గట్టు మీద ఫోన్ నిలబెట్టి ఆన్‌లైన్ క్లాసు వినేదాన్ని. పక్కనే అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేవారు.

తేదీలు తేలిగ్గానే వచ్చాయి. మనలాగే ముందు రోజు, తర్వాత నెల. టైం చెప్పడం దగ్గరే చిక్కు. అరగంట దాటిందంటే రాబోయే గంటలోంచి తీసివేస్తూ చెప్పాలట. “సెయిస్ మేనోస్ క్వార్తో” అంది టీచరు. ఆరు, మైనస్, పావు. నాకేం అర్థం కాలేదు.

“ఏంటమ్మాయ్, అంత తంటాలు పడుతున్నావు?” అన్నారు అత్తయ్య. చెప్పాను.

“ఆరులో పావు తీస్తే పావుతక్కువ ఆరు. మనం అనేదేగా!”

గభాల్న లేచి ఆవిణ్ణి వాటేసుకున్నాను. చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి.

ఆ చలికాలమే స్పెయిన్ నుంచి భార్యాభర్తలిద్దరు మా చెరువులు చూడటానికి వచ్చారు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. వెంట వచ్చిన దుబాసీకి ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. తెల్లారితే చెరువులో పట్టుబడి, వలలు వేసి రొయ్యలన్నీ పట్టే రోజు. స్పెయిన్ ఆవిడ హోటల్ నుంచి నాకే ఫోన్ చేసింది.

“మన్యానా?” అంది.

ఎన్నింటికి బయల్దేరాలని అడుగుతోందని పోల్చుకున్నాను. మన్యానా అంటే రేపు. పొద్దున అన్నా మన్యానాయే. రెండూ కలిపేశాను: “మన్యానా పోర్ లా మన్యానా. ఆ లాస్ సెయిస్ మేనోస్ క్వార్తో.” రేపు పొద్దున, పావుతక్కువ ఆరుకి.

అటునుంచి “వాలే, వాలే!” అని నవ్వు. సరే, సరే అని.

పొద్దున్నే కారులో మా ఆయన అడుగుతూనే ఉన్నారు. “సరిగ్గానే చెప్పావా? వాళ్ళు ఆరుంపావుకి దిగితే అక్కడ వలలు ఆగవు.”

“చెప్పానండీ!” అన్నానే గానీ, ఆరులోంచి పావు తీసి వేళ్ళ మీద మళ్ళీ లెక్క చూసుకున్నాను.

కారు మలుపు తిరిగింది. హోటల్ గేటు ముందు ఇద్దరూ టోపీలతో సహా సిద్ధంగా నిలబడి ఉన్నారు! ఆవిడ చేతి గడియారం పైకెత్తి “మేనోస్ క్వార్తో!” అని అరిచింది. నేనూ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. మా ఆయన సంతోషం పట్టలేక హారన్ కొట్టారు.

కంకిపాడు దాటి, ఉయ్యూరు చెరకు లారీలను తప్పించుకుంటూ చెరువు చేరేసరికి వల ఒడ్డుకొస్తోంది. ఎండలో రొయ్యలు తళతళా ఎగిరిపడుతుంటే ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మాతో వచ్చిన అత్తయ్య మాత్రం గొణిగారు. “మంగళవారం పూట పట్టుబడి వద్దన్నాను. వింటేనా?”

ఏమంటున్నారని ఆవిడ సైగ చేసింది. “ఓయ్ ఎస్ మార్తెస్,” ఈరోజు మంగళవారం, అని చెప్పి, మావాళ్ళకది మంచిరోజు కాదన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళ వైపు కూడా పాతకాలం వాళ్ళు మంగళవారం పెళ్ళిళ్ళు పెట్టుకోరట, ఓడ ఎక్కరట!

“చూశావా! అంతంత దూరానా అదే మాట!” అత్తయ్య ఆవిడ చేయి పట్టేసుకున్నారు. “మరి సోమవారాన్ని ఏమంటారో అడుగు.”

“లూనెస్” అంది ఆవిడ. ఆకాశం వైపు చూపించి, వేళ్ళతో గుండ్రంగా గీసి, “లూనా” అంది. చందమామ.

“సోముడంటే చంద్రుడేగా!” అన్నారు అత్తయ్య. నాకు ఒళ్ళు పులకరించింది. బుధవారం, గురువారం, శుక్రవారం వరసగా అడిగాం. వాళ్ళవీ ఆ గ్రహాల పేర్లే!

సరుకు తూకం వేస్తున్న మా ఆయన అటునుంచి పిలుస్తూనే ఉన్నారు. మేం ముగ్గురం గట్టు మీద నిలబడి, ఒకరి వారాలు ఒకరం తప్పులు పలుకుతూ, నవ్వుతూ ఉండిపోయాం.