పైన్, వెదురు, ప్లమ్

తెలియనిది అడగడం కంటే తెలిసినట్టు తలూపడమే మర్యాద అనుకునే వయసొకటి ఉంటుంది. నాకా వయసు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో గడిచింది. బడికి వెళ్ళకుండా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని, చెయ్యెత్తి అడిగే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? కార్ల విడిభాగాలు చేసే ఒక జపాన్ కంపెనీలో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగం, నా జీవితంలో మొదటిది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. సరిగ్గా మూడో నెల చివర జపాన్ నుంచి ప్రెసిడెంట్‌గారు దిగుతున్నారు. మా మేనేజర్ (నిమిషానికోసారి చేతికేసి చూసుకుంటాడని గడియారంగారు అని పిలుచుకునేవాళ్ళం) నన్ను పిలిచి, "లంచ్ ఆర్డర్ చెయ్యి. జపనీస్ రెస్టారెంట్‌లో మూడు రకాల బాక్సులుంటాయి. ఎవరి స్థాయికి తగ్గది వాళ్ళకి. గోదాము వాళ్ళకి కూడా" అని వెళ్ళిపోయాడు.

ఫోన్ చేస్తే రెస్టారెంట్ ఆవిడ, "మత్సు, తాకే, ఉమే. అంటే పైన్, బాంబూ, ప్లమ్. ఏది ఎన్ని?" అంది. ఏది పెద్దదో అడగాల్సింది. అడగలేదు. నా లెక్క నాకుంది. ప్లమ్ అంటే పండు, దేవుడికి నైవేద్యం పెట్టేది. కాబట్టి ప్రెసిడెంట్‌గారికీ పెద్దలందరికీ అదే. బాంబూ అంటే వెదురు, పాడె కట్టేది; శుభమా అని పెద్దాయన వస్తుంటే అది ఎవరికీ వద్దు. పైన్ అంటే పెట్టెలు కొట్టే చెక్క. గోదాములో పెట్టెలు మోసే ఆరుగురికీ అదే సరి. (ఇంత చక్కటి బుద్ధి పుట్టించినందుకు వేంకటేశ్వరుడికి మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.)

బాక్సులొచ్చాయి. పైన్‌వి నల్లగా నిగనిగలాడుతూ మహా బరువుగా ఉన్నాయి. చెక్క కదా, బరువుంటుందిలే అనుకున్నాను. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తాత మూత తీసి, లోపలి రొయ్యలకేసీ నాకేసీ చూసి, "అమ్మాయీ, తప్పు డోర్‌కి వచ్చావేమో చూసుకో" అన్నాడు. "మీకే, తినండి" అన్నాను దొడ్డ మనసుతో.

మీటింగ్ రూమ్‌లో ప్రెసిడెంట్‌గారు మూత తీశారు. తెల్లన్నం, మధ్యలో ఎర్రగా ఒక ఊరబెట్టిన పండు, పక్కన రెండు ముల్లంగి ముక్కలు. గాజు గోడ అవతల గోదాములో ఆరుగురూ రొయ్యలు నములుతున్నారు. గడియారంగారు మొదటిసారి గడియారం మానేసి నన్ను చూశాడు. మా ఆఫీసు ఇంజనీరు, నేను అన్నయ్యా అని పిలిచే గుంటూరాయన, నా చెవి దగ్గర, "ఏం పని చేశావమ్మా. వాళ్ళకి పైన్ టాప్, బాంబూ మిడిల్, ప్లమ్ లాస్ట్. ప్రెసిడెంట్‌కి జనతా భోజనం పెట్టావ్. రెజ్యుమే అప్‌డేట్ చేసుకో" అన్నాడు.

"ఎవరు ఆర్డర్ చేశారు?" అని పెద్దాయన గడియారంగారి చేత అడిగించారు. లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో దేవుడికి పండే పెడతాం సార్. చెక్క పెట్టం" అన్నాను. గడియారంగారు నీళ్ళు నములుతూ దాన్ని జపనీస్‌లో చెప్పాడు.  పెద్దాయన ఆ ఎర్ర పండు నోట్లో వేసుకుని, పులుపుకి కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. ఒక్క మెతుకు మిగల్చలేదు. వెళ్తూ వెళ్తూ గాజు గోడ దగ్గర ఆగి, "నేనూ గోదాములోనే మొదలుపెట్టాను. మాకు ఎప్పుడూ ప్లమ్మే వచ్చేది" అన్నారు.

సోమవారం నాకు ఉద్యోగం ఖాయమైన కాగితం అందింది. దాంతోపాటు మూడు పేర్లకీ వరసగా అంకెలు వేసిన చీటీ, గడియారంగారి స్వహస్తాలతో. ఇప్పుడు నేను ఏది తెలియకపోయినా నలుగుర్ని అడిగి గానీ కదలను. తప్పులు బాగా తగ్గాయి. అయినా అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, భగవంతుడికి చేతులు జోడించాలనీ అనిపిస్తుంది. ఆ రోజు నాకు తెలిసే ఉంటే, ఆ ఆరుగురికీ ప్లమ్ పంపించి, పని చక్కగా చేశాననుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.