సాలెపురుగు కాపురంలో నా పెత్తనం

"నానమ్మా, నిజం చెప్పు. ఆ ఎర్రదాన్ని ఏం చేసినవ్?"

"ఏం చేస్త? ఎల్లగొట్టిన. తేరగ తిని కూసున్నదాన్ని ఇంకేం చేస్తరు?"

"ఎల్లగొట్టినవా! పన్నెండు రోజులు దానికోసమే కదా నేను ఎదురుచూసింది!"

"ముందుగాల చెప్పాలె మరి. గొంతు తగ్గించు, కింద ఇంటోళ్లు ఇంటరు."

"చెప్పిన! ఆడనే నిలబడి చెప్పిన!"

ఇది తార్నాకలో మా వంటింటి గుమ్మం దగ్గర జరిగిన రభస. అసలు సంగతి చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. నేను మాత్రం ఆ రోజు తలెత్తుకోలేక చచ్చాను. ఐదేళ్ల కిందటి ముచ్చట. అప్పటికి నాకు అరవై ఆరే. చిన్నతనం, అన్నీ నాకే తెలుసనుకునే వయసు.

మా మనవరాలు స్రవంతి అప్పుడు యూనివర్సిటీలో పురుగుల చదువు చదువుతోంది. క్యాంపస్‌లో నేను రోజూ నడిచే బాట పక్కన, రెండు చెట్ల నడుమ, ఒక పెద్ద సాలెపురుగు గూడు కట్టింది. కాళ్లు చాపితే నా అరచేయి నిండుతుంది. నల్లటి ఒంటి మీద పసుపు గీతలు, బోనాలకు ముస్తాబైనట్టు. గూటి దారాలు ఎండలో బంగారు జరీలా మెరిసేవి. అంత జరీ ఊరికే చెట్లకు వేలాడుతోందే అని నా ప్రాణం ఉసూరుమనేది.

పిల్ల ప్రాజెక్టంతా దాని మీదే. దానికి జోడు వస్తే, వాటి కాపురం చూసి రాయాలట. వానలు వెనకబట్టాయి, ఆ ఏటికి అదే చివరి అదను. ఎట్లాగో జోడు వచ్చింది. చూడటానికి గైడు మేడం మర్నాడు పొద్దున వస్తానంది. ఈలోపు ఎవరూ గూటిని కర్రతో చెడగొట్టకుండా నన్ను కాపలా పెట్టి స్రవంతి క్లాసుకు పోయింది. పోతూ పోతూ చెప్పింది:

"గూట్ల చిన్నచిన్నయి ఉంటయి నానమ్మా. కొన్ని దొంగలు. సొంతంగ గూడు కట్టవు, దీని తిండే దొంగిలిస్తయి. కానీ..."

కానీ తర్వాత ఏం చెప్పిందో నేను వినలేదు. దొంగలన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. నేను చదివింది మూడో తరగతి. తేరగా తినేవాళ్లను గుర్తుపట్టడానికి ఆ మూడు కూడా అక్కర్లేదు.

గొడుగు వేసుకుని నిలబడి గమనించాను. వెండిలా మెరిసే చిన్నవి మూడు, గూటి అంచున బుద్ధిగా కూర్చున్నాయి. పిల్లలు కాబోలు, ముక్కుపుడకల్లా ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకున్నాను. ఇంకొకటి ఎర్రది, కందిగింజంత, పెద్దదాని వీపునే తిష్ఠ వేసింది. పెద్దది కష్టపడి ఈగను పట్టుకుంటే, ఇది దిగి వచ్చి పక్కన చేరి మెక్కుతోంది. పని లేదు, పాట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

గొడుగు మడిచి, మొనతో దాన్ని మెల్లగా ఎత్తాను. చంపలేదు, పాపం ఎందుకు? దగ్గర్లో వదిలితే సిగ్గులేకుండా మళ్లీ వస్తుందని, గొడుగు ముందుకు చాచి పట్టుకుని, అత్తారింటికి సారె మోస్తున్నంత జాగ్రత్తగా తార్నాక దాకా నడిచాను. రోడ్డు నడుమ డివైడరు మొక్కల్లో దులిపేశాను. ఇంటికొచ్చి చాయ్ కూడా పెట్టుకున్నాను, చేసింది ఘనకార్యం మరి.

ఆ చాయ్ పొంగేలోపే, గూడు చూసుకుని స్రవంతి వచ్చింది. ఆ తర్వాతిదే మీరు మొదట విన్న గొడవ.

"వెండియి దొంగలు నానమ్మా! దొంగలను ఇడిచిపెట్టి మొగున్ని ఎల్లగొట్టినవ్! ఎర్రది దాని మొగుడు!"

"గంతదానికి గింతంత మొగుడా? దానంతోడు యాడికో పోయిండనుకున్న. ఎవరు కుదిర్చిన్రే ఈ సంబంధం?"

"నానమ్మా!"

చెప్పులేసుకుని ఇద్దరం ఉరికాం. డివైడరు మీద వంగి ఒక్కో ఆకూ తిప్పి చూస్తుంటే ఒక ఆటో ఆగింది.

"ఏం పోయిందమ్మా? బంగారమా?" అన్నాడు డ్రైవరు.

"మొగుడు" అన్నాను, ఆయాసంలో.

"మీ ఆయనా?"

"సాలెపురుగు ఆయన."

అతను గేరు వేసి ఆటో పోనిచ్చాడు. అటు బస్సులు, ఇటు బస్సులు, నడుమ పొగ. మొక్కలేమో ఫర్లాంగు పొడవు. పొద్దు గుంకేసరికి స్రవంతి డివైడరు గట్టు మీదే కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఇంకొకటి రాదానే?" అని అడిగాను.

"సీజనే అయిపోయింది నానమ్మా. ఇది ఒక్కటే వచ్చింది."

నేను కూడా పక్కన కూర్చున్నాను. అంత పెద్ద తార్నాకలో నాకంటే పనికిమాలిన ముసల్ది ఇంకొకతి ఉండదనిపించింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, దేవుడి పటం ముందు ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఎవరి కాపురంలోనూ వేలు పెట్టను. మొగుడు ఎంత పొట్టివాడైనా, ఎంత తిండిపోతైనా, గడప దాటించను. రెండు కాళ్లవాడైనా సరే, ఎనిమిది కాళ్లవాడైనా సరే.

తెల్లారి ఆరింటికి మేడం వచ్చింది. గూటి నడుమ పెద్దది ఒంటరిగా ఉంది. మేడం భూతద్దం పెట్టి మూలమూలా వెతికి, "మగది లేదు" అని పుస్తకంలో రాసుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఈమె ఎవరు?" అని అడిగింది.

"కాపలా మనిషి, మేడం" అంది స్రవంతి.